ఆటల లేని ఆరు వందల మీటర్లు

సకల జనుల సమ్మె మొదలైన వారానికి మా కాలేజీ బందయ్యింది. కొండగట్టు కాడ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న అప్పుడు. జగిత్యాలల హాస్టల్ ఖాళీ చేయమన్నరు. బస్సులు లేవు. ట్రాలీ ఆటోల కోరుట్ల దాక వచ్చిన, ఆడికెల్లి మా బాపు బండి మీద రుద్రంగికి తీసుకపోయిండు.

మా బాపు పేరు ముత్తయ్య. పన్నెండేండ్లు గల్ఫ్‌ల పని చేసి, నడుము పట్టేసినంక కిందటేడే ఇంటికి వచ్చిండు. రెండెకరాల పసుపు, జెరంత మక్క, గంతే మా ఎవుసం. ఇంట్ల మాట తక్కువ. గల్ఫ్‌ల ఎట్లుంటది అని ఎవలన్న అడిగితే "ఏమున్నది, ఎండ, ఇసుక" అనేటోడు. మా అమ్మ భూమవ్వ గూడ గంతకంటె ఎక్కువ ఎన్నడు వినలే.

నాకొక పాత కంప్యూటర్ ఉండె. కోరుట్లల దివాకరన్న నెట్ సెంటర్ నడుపుతడు, ఆయన దగ్గర కొన్నది. "దొంగ సీడీలు, వైరస్‌లు ఎందుకు చెల్లే, విండోస్‌కు బదులు లినక్స్ వేసిస్త, పైసలు పెట్టే పని లేదు" అని ఆయనే వేసిచ్చిండు. దివాకరన్నకు లినక్స్ అంటే పిచ్చి. పొద్దుగాల షాపు తెరవంగనే కొత్త కొత్త వార్తలు చదివేటోడు. ఏది ఎంత మారింది, ఏ ఆటకు కొత్త వెర్షన్ వచ్చింది అన్నీ చెప్పేటోడు. "రేపో మాపో పెద్ద పెద్ద ఆటల కంపెనీలు గూడ గీ దిక్కే అస్తయట, ముచ్చట నడుస్తున్నది" అని ఎవలు కూసున్నా చెప్పేటోడు. ఓ చెవితోని విని లేచిపోయేటోళ్ళే అందరు. నేనొక్కదాన్నే నోరు తెరుచుకోని వినేదాన్ని. గందుకే ఆయన నా పెన్‌డ్రైవ్‌ల ఆటలు నింపి ఇచ్చిండు. పెంగ్విన్ మంచు మీద జారే ఆట, ట్యాంకుల ఆట, అన్నిట్ల పెద్దది విమానం నడిపే ఆట.

సమ్మెతోని బొగ్గు లేక కరెంటు ఎప్పుడస్తదో ఎప్పుడు పోతదో తెలువకపోతుండె. ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. నేను సముద్రం మీద విమానం పోనిస్తున్న. బాపు పొలంకెల్లి వచ్చి, చెంబుల నీళ్ళు తాగుకుంట నా ఎనుక నిలబడ్డడు.

"గదేందే?"

"ఆట, బాపు. విమానం."

"నువ్వే నడుపుతున్నవా?"

"ఆఁ. లోకంల ఏ ఎయిర్‌పోర్టుకన్న పోవచ్చు."

చెంబు కింద పెట్టిండు. ఒక పేరు చెప్పిండు. ఆ పేరు నేనెన్నడు వినలే. టైపు కొడితే లిస్టుల ఉన్నది! ఎడారిల చిన్న ఎయిర్‌పోర్టు.

పది కిలోమీటర్ల దూరంల విమానం పెట్టిన. మా కంప్యూటర్ పాతది, బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఇసుక, ఇసుక, ఇసుక. ఎడమ దిక్కు ఒక గుట్ట లేచింది, రెండు మూపురాలున్న గుట్ట.

బాపు నా కుర్చీ పట్టుకున్నడు. "గా గుట్ట... గా గుట్ట గదే బిడ్డా! దాని ఎనుక కెల్లి పొద్దు పొడిచేది. మా క్యాంపు దాని కిందనే."

"నిజంగ గదేనా?"

"రెండేండ్లు రోజూ చూసిన. నాకు ఎరుకలేదా?"

లోకంల ఉన్న గుట్టల ఎత్తులన్నీ లెక్క పెట్టి గీ ఆటల పెట్టిన్రని దివాకరన్న చెప్పంగ విన్న. గని మా బాపు కండ్ల ముందర పొద్దు పొడిచిన గుట్ట మా రుద్రంగి ఇంట్ల లేచి నిలబడుతదని నేను అనుకోలే.

ఎట్లనో కిందికి దించిన. రెండు ఎగురులు ఎగిరి రన్‌వే మీద ఉరికింది విమానం. ముందట ఎర్ర లైట్లు కనవడ్డయి. నేను బ్రేకు నొక్కబోయిన.

"ఆపకు. పోనీ" అన్నడు బాపు.

"రన్‌వే అయిపోతున్నది బాపు."

"ఏం అయిపోతున్నది? ఇంకా ఉన్నది. పోనీ."

పోనిచ్చిన. ఎర్ర లైట్లు దాటినంక విమానం ఇసుకల దిగవడి ముక్కు నేలకు కొట్టింది. బాపు తెర మీది ఇసుకను ఏలుతోని చూపెట్టి, "ఆరు వందల మీటర్లు ఉండాలె గాడ" అన్నడు. "మేం పొడుగు చేసినం. గది చేసుడే మా పని. రెండేండ్లు. నేను లైట్లు పెట్టిన. తారుల గుండ్రంగ బొక్క కొట్టి, డబ్బా దించి, వైరు గుంజి, లెవెల్ చూసి. నా రెండేండ్లు ఏది బిడ్డా?"

పన్నెండేండ్లల మా బాపు తన పని గురించి గన్ని మాటలు చెప్పుడు గదే మొదలు. గంతల కరెంటు పోయింది.

చీకటి తెర ముందటనే కూసోని అడిగిండు. "గీ ఆట ఎవ్వలది?"

"ఎవ్వలది గాదు బాపు. తీరు తీరు దేశాలోళ్ళు కలిసి చేసిన్రు. ఎవలైన విప్పి చూడొచ్చు, మార్చొచ్చు."

"మార్చొచ్చా? మనం గూడనా?"

తెల్లారి ఇద్దరం కోరుట్లకు పోయినం. దివాకరన్న ముచ్చటంత విని కుర్చీలకెల్లి లేచి నిలబడ్డడు. "అన్నా, రన్‌వే నువ్వు వేసినవా?" అని మా బాపును కింది నుంచి పై దాక చూసిండు. ఆట తయారు చేసేటోళ్ళు మాట్లాడుకునే జాగ ఒకటి నెట్‌ల ఉంటది. గాడ నాకు వచ్చిన ఇంగ్లీషుల రాసిన. ఫలానా ఎయిర్‌పోర్టు రన్‌వే తక్కువ ఉన్నది, ఇంకో ఆరు వందల మీటర్లు ఉండాలె అని.

చాయ తాగి వచ్చేవరకు జవాబు వచ్చింది. ఫిన్లాండ్‌ల ఉండే ఒకాయన రాసిండు. మా లెక్కలు పాతవి, ఆ దిక్కు మాకు తెలిసినోళ్ళు లేరు, మీరే సరిచేసి పంపున్రి అన్నడు. ఒకటే షరతు. కంపెనీలు ఉపగ్రహాలతోని తీసిన ఫొటోలు చూసి గీయొద్దు, అవి వాళ్ళ సొత్తు, కండ్లతోని చూసినోళ్ళు చెప్పాలె. మీకెట్ల తెలుసు అని కింద అడిగిండు.

"మా బాపు వేసిండు" అని రాసిన.

ఈసారి జవాబు నిమిషంలనే వచ్చింది. పాత రన్‌వే చివరల ఎర్ర లైట్లు ఇప్పుడు ఉన్నయా, తీసేసిన్రా అని. చదివి చెప్పిన. బాపు నవ్విండు. "నేనే పీకిన. బొక్కలల్ల నల్ల మసాల పోసి మూసినం. గని తారు ఓ రంగు, మసాల ఓ రంగు. దగ్గరికి పోతే ఇంకా మచ్చలు కనవడుతయి అని రాయి." అట్లనే రాసిన. ఫిన్లాండాయన వట్టిగ ఒక్క మాట పంపిండు. "అబ్బా" అన్నట్టు.

రన్‌వే పొడుగు, ఎడల్పు, రెండు దిక్కుల లైట్లు, అరవై మీటర్లకొకటి, దిక్కుకు పది. అన్ని బాపుకు నోటికి ఉన్నయి. గని విమానాలు రన్‌వే దిగి మలిగే ఎడమ దిక్కు తొవ్వ ఆయనకు సక్కగ యాదికి లేదు. అది వేరే గుంపు చేసింది. ఆ గుంపుల మొగిలి ఉండె. కోనరావుపేట మనిషి. ఇప్పుడు సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేస్తున్నడని బాపు ఎవలదో నోట విన్నడు. ఫోన్ నంబర్ లేదు.

"పోదాం పా" అన్నడు బాపు.

వేములవాడ దాటంగనే రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డుకు మూడు పొయ్యిలు, జెండాలు, పాటలు, డప్పులు. మా బండి ఆపిన్రు. నర్సక్క అనే ఆమె గరిటె పట్టుకోని ముందటికి వచ్చింది.

"సమ్మె నడుస్తుంటే యాడికి అన్నా?"

బాపుకు అబద్ధం రాదు. "సిరిసిల్లకు అక్కా. రన్‌వే మీద లైట్లు ఎట్లున్నయో మొగిలిని అడగనీకి."

"ఏం రన్‌వే? యాడిది?"

"గల్ఫ్‌లది. మేం వేసింది. నా బిడ్డ కంప్యూటర్ల పెడుతున్నది."

చుట్టున్నోళ్ళు నవ్విన్రు. నర్సక్క నవ్వలే. ఇస్తరాకుల అన్నం, పప్పు పెట్టి మమ్ముల కూసోబెట్టి మొత్తం అడిగింది. విన్నంక, "మా ఆయన గూడ ఆడనే ఉన్నడు తొమ్మిదేండ్లాయె. ఏం పనో సక్కగ చెప్పడు. పోయిరాన్రి" అని, అడ్డం పెట్టిన మొద్దు తానే జరిపింది.

మొగిలి దొరికే వరకు మధ్యాహ్నం దాటింది. కరెంటు లేక సాంచాలన్నీ ఆగి, ఆ గల్లీ అంత నిమ్మలంగున్నది. బనీను మీద దూది నూగు పడ్డ సన్నటి మనిషి అరుగు మీద కూసున్నడు. బాపును చూసి గుర్తుపట్టనీకి జెర టైం పట్టింది.

"ముత్తన్నా? నువ్వేనా?"

ఇద్దరు చేతులు పట్టుకోని అట్లనే నిలబడ్డరు. బాపు వచ్చిన పని చెప్తే మొగిలి నమ్మలే. దివాకరన్న ప్రింటు తీసిచ్చిన జవాబుల కాయితాలు చూపెట్టిన. చూసి, లోపటికి పోయి సుద్దముక్క తెచ్చిండు. సాంచాల నడుమ సిమెంటు నేల మీద వంగి గీసుడు మొదలువెట్టిండు. ఇది రన్‌వే, ఇది కంచె, ఇది వాన నీళ్ళు పోయే మోరి. మలిగే తొవ్వ మోరికి ఇవుతల్నా అవుతల్నా అని ఇద్దరు కొట్లాడిన్రు.

"అవుతల్నే అన్నా. ఆ మోరిల నేను బూటు పోగొట్టుకున్న, నాకు ఎరుకలేదా?" అన్నడు మొగిలి.

"నిజమేరా, బూటు..." అని బాపు ఒప్పుకున్నడు. ఆ తొవ్వ పొంటి నీలం లైట్లు నలభై మూడు, ఒక్కొక్కటి ఏ వంపుల ఉన్నదో మొగిలి చెప్పుకుంట పోయిండు. నేను నోట్‌బుక్కుల ఎక్కించిన. పుస్తకాలల్ల ఇంజినీరింగ్ చదివే నాకు, ఆరో తరగతి దాటని గా ఇద్దరు ఒక ఎయిర్‌పోర్టును నేల మీద పుట్టిస్తుంటే చూసుడు ఏదో దేవుని పని చూసినట్టే అనిపించింది.

ఇంటికి వచ్చినంక ఐదు రోజులు పట్టింది, కరెంటున్న గంటలల్ల గీసి గీసి. గీసేదానికి గూడ లినక్స్‌ల ఒక పనిముట్టు ఉన్నది, అదీ ఊకెనే దొరుకుతది. బాపు పక్కన కూసోని "జెర ఎడమకు, జెర ఎడమకు" అనేటోడు. కోరుట్ల నెట్ సెంటర్ల కెల్లి పంపినం. ఫిన్లాండాయన అంత చూసి రాసిండు. పదేండ్ల సంది గీ ఆట ఆడుతున్న, రన్‌వే వేసిన మనిషితోని మాట్లాడుడు గిదే మొదటిసారి, మీ నాయినకు నా దండం అని. చేసినోళ్ళ పేర్లల్ల ఏమని రాయాలె అని గూడ అడిగిండు.

"నాదొక్కటే రాయొద్దు" అన్నడు బాపు. "మొగిలి పేరు రాయి. ఒక బెంగాలాయన ఉండె, రఫీక్. ఇద్దరు నేపాలోళ్ళు..." అని ఏలు మడుచుకుంట పదకొండు పేర్లు చెప్పిండు. పదకొండు రాసి పంపిన.

సమ్మె ఆగింది. కాలేజీ తెరిచిన్రు. ధర్నాలు, బందులు మాత్రం నడుస్తనే ఉన్నయి. ఫిబ్రవరిల దివాకరన్న ఫోన్ చేసిండు. "చెల్లే, కొత్త వెర్షన్ వచ్చింది. పొద్దటి సంది దించుతున్న. మన ఎయిర్‌పోర్టు అందుల ఉన్నది!" మన ఎయిర్‌పోర్టు అన్నడు.

ఆ ఆదివారం మొగిలి సిరిసిల్ల కెల్లి బస్సుల వచ్చిండు. దివాకరన్న పెన్‌డ్రైవ్ పట్టుకోని తానే వచ్చిండు. పసుపు తవ్వుడు మొదలైంది గని అమ్మ గూడ ఆ పూట పోలే. చేతులకు పసుపు మట్టి అట్లనే ఉన్నది. ఆటల సాయంత్రం యాళ్ళ పెట్టిన, లైట్లు వెలిగేటట్టు. గుట్ట వచ్చింది. రన్‌వే వచ్చింది. ఈసారి బాపే కూసున్నడు, నెల రోజుల సంది నేర్చుకున్నడు. దించిండు.

పాత రన్‌వే అయిపోయింది. విమానం ఆగలే. ముందట కొత్త లైట్లు, కుడి దిక్కు పది, ఎడమ దిక్కు పది, తెల్లగ, నిమ్మలంగ వెలుగుకుంట ఉన్నయి. ఇసుక యాడికో దూరం జరిగింది. మొగిలి నోటి మీద చెయ్యి పెట్టుకున్నడు. లోకంల గీ ఆట ఎవలు ఆడినా, ఏ దేశంల ఆడినా, వాళ్ళ విమానం మా బాపు కొట్టిన బొక్కల నడుమ కెల్లే పోవాలె.

"మోరి అవుతల్నే ఉన్నది చూడు" అని మెల్లగ అన్నడు మొగిలి.

అందరి ఎనుక నిలబడ్డ అమ్మ ముందటికి వచ్చింది. కొంగుతోని చెయ్యి తుడుచుకోని తెర మీద ఒక లైటు చూపెట్టింది.

"గిది నువ్వు పెట్టిందేనా?"

"ఆఁ, గిది మూడోది."

"గిది పెట్టిననాడు ఎట్లుండె?"

బాపు విమానాన్ని మనిషి నడిచినంత మెల్లగ చేసిండు. "ఆనాడు గాలి దుమారం. ముఖానికి గుడ్డ కట్టుకోని పెట్టినం. బిడ్డకు జ్వరమని నువ్వు ఫోన్ చేసింది ఆనాడే." నాలుగో లైటు కాడికి వచ్చిండు. "దీని కింద నా ఉంగరం పడిపోయింది, ఇంకా ఆడనే ఉంటది." ఐదో లైటు కాడ రఫీక్ ముచ్చట చెప్పిండు. అమ్మ ఇంకో కుర్చీ గుంజుకోని పక్కన కూసున్నది. విమానం అట్ల మెల్లగ పోతనే ఉన్నది.