గైడు గొంతు

పొద్దున్నే హెల్మెట్లు కడగడం చిన్నదాని పని. కొండ మీది అడవి కేంద్రంలో సైకిళ్లు అద్దెకిచ్చే షెడ్డు వాళ్లక్కది. బావ పోయాక అక్కాచెల్లెళ్లిద్దరే చూసుకుంటున్నారు. హెల్మెట్ల లోపలి మెత్తల్లో ఎవరెవరివో చెమటలు, చుండ్రు, జిడ్డు. ఒకదాంట్లో నమిలేసిన చూయింగ్ గమ్ వెంట్రుకలతో సహా అంటుకుని ఉంది. చిన్నది దాన్ని గోటితో గీకింది.

"సాయంత్రం అతనికేం చెబుతున్నావే?" అంది అక్క, చెయిన్‌కి నూనె వేస్తూ.

"చూస్తాలే."

"ఇంకెన్నాళ్లు చూస్తావు? పిట్టల్ని చూడ్డానికొచ్చేవాళ్లు కూడా అది ఏ పిట్టో నీకన్నా తొందరగా తేలుస్తారు."

చిన్నది నవ్వేసింది. పెళ్లికి అడిగింది అడవిలో పిట్టల్ని చూపించే గైడు. అతన్ని పెళ్లాడాలనే ఉంది దానికి. మనిషికన్నా ముందు అతని గొంతు నచ్చింది. పొగమంచులోంచి ఆ గొంతు "మెల్లగా నడవండి, పైన గూడుంది" అంటుంటే అడవే మాట్లాడుతున్నట్టుండేది. అలాంటి గొంతున్నవాడి మనసు ఇంకెంత మెత్తగా ఉంటుందో అనుకునేది.

మధ్యాహ్నం ఎవరో పంక్చరై వదిలేసిన సైకిల్ తేవడానికి పైదారిలో వెళ్లింది. పిట్టల్ని చూసే చెక్కగది పక్కన, నడుమెత్తు పొద దగ్గర, గైడూ ఒక కెమెరా ఆయనా కూర్చున్నారు. గైడు ఫోన్లో పిట్ట కూత పెట్టి, పొదలో ఉన్న గూటి కిందే ఉంచాడు. వేరే పిట్టేదో తన చోటుకి వచ్చిందనుకుని తల్లిపిట్ట గుడ్లు వదిలి బయటికొచ్చి, కొమ్మ కొమ్మకీ ఎగురుతూ అరుస్తోంది. గూటికి తిరగబోతే మళ్లీ కూత.

"ఇంకొక్కసారి. రెక్కలు సరిగ్గా పడలేదు," అన్నాడు కెమెరా ఆయన, బిస్కెట్టు నములుతూ.

"మీరు చాలన్నదాకా పెడతాను సార్," అన్నాడు గైడు, అదే తియ్యటి గొంతుతో.

చిన్నది గూట్లోకి తొంగి చూసింది. గుడ్ల మీద చీమలు ముద్దగా పట్టాయి. పగిలిన పెంకులోంచి పచ్చటి జిగురు, కళ్లు తెరవని పిల్ల మెడ.

"చీమలు తినేస్తున్నాయి. ఆపు," అంది.

"పోతే మళ్లీ పెడుతుందిలే." గైడు పెంకుని వేలితో పక్కకి నెట్టి, ఆ జిగురు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

నిన్న తన చెయ్యి పట్టుకున్నది ఆ చేత్తోనే. చిన్నదాని నోట్లో పుల్లటి నీళ్లూరాయి.

ఈసారి కూత మొదలవగానే పిట్ట దిగొచ్చి గైడు ఎదురుగా వాలింది. అతని గొంతు తీసుకుని ఎగిరిపోయింది.

ఆ కొండ మీద అది మామూలే. పాత వంటాయన దగ్గు ఇప్పటికీ ఒక కాకి దగ్గరే ఉంది. "ఇక మీకు సైగలే గతి," అని కెమెరా ఆయన సంచి సర్దుకున్నాడు. గైడు నోరు తెరిచి, మూశాడు.

సాయంత్రం షెడ్డు ముందుకొచ్చి పెళ్లి మాట చేతులతోనే అడిగాడు.

"గొంతు పోయినంత మాత్రాన మనిషి చెడ్డవాడైపోతాడా ఏంటి?" అంది అక్క లోపల్నుంచి.

పైన చెట్లలోంచి పిట్ట అతని గొంతుతో తన పిల్లల్ని పిలుస్తోంది. "వచ్చేశానమ్మా. చలేస్తోందా? రండి, కప్పుతాను." పిలిచి, కాసేపు ఆగి, మళ్లీ పిలుస్తోంది.

చిన్నది కదలకుండా విన్నది. అతని నోట్లో ఉన్నన్నాళ్లూ ఆ గొంతుకి అలాంటి మాట ఒక్కటీ దొరకలేదు.

గైడు నవ్వబోతూ చెయ్యి చాపాడు. గోళ్ల సందుల్లో పచ్చటిది ఎండిపోయి ఉంది.

"వద్దు," అంది చిన్నది మెల్లగా. "నిన్ను చూస్తుంటే వాంతొస్తోంది. వెళ్లు."

అతను దారి మలుపు దాటాక అక్క తలుపు వెయ్యబోయింది.

"కాసేపు తెరిచే ఉండనీ అక్కా," అంది చిన్నది. "ఆ పిట్ట పిలుస్తుంటే పలికేవాళ్లెవరూ లేరు."