ముక్కుకు కట్టిన తాడు

గుగ్గిలం నూనెలో కరిగి పొంగుకొస్తుంటే రామన్న మూకుడు కింద నుంచి ఒక కట్టె లాగేశాడు. పడవ అంచుకు కొత్తగా బిగించిన పలక సందులో గోనెపీచు పెట్టి ఉలితో కూరుతున్నాడు. కూరడం, వేలితో నొక్కి చూడటం, మళ్లీ కూరడం. చెమటకు పంచె నడుముకు అంటుకుపోయింది. అతని చూపుడువేలికి గోరు లేదు. ఎప్పుడో బాడిశ దెబ్బకు పోయింది. సందు ఎక్కడ వదులుగా ఉందో ఆ గోరులేని వేలికే ముందు తెలిసేది.

"అయ్యా, గా మూలకు ఇంకింత కూరు" అంది కూతురు నర్సమ్మ. చంకలో పళ్లు రాని బిడ్డ తల్లి కొంగు చీకుతోంది.

"ఇంకా కూర్తే పలక పగుల్తది బిడ్డా. ఇది పడవనా, బొంతనా?"

నర్సమ్మ నవ్వలేదు. కిందటి నెల నల్లమడుగులో దాని మగడు సమ్మయ్య గాలానికి పెద్ద వాలుగ పడింది. చేతులు తెడ్డుకు ఖాళీగా ఉండాలని ఈ గట్టున అందరూ గాలం తాడును నడిమి పీటకే కడతారు. సమ్మయ్యా అంతే కట్టాడు. చేప పక్కకు గుంజింది, పడవ బోర్లా పడింది. సమ్మయ్య తెడ్డు పట్టుకుని ఎలాగో ఒడ్డుకు చేరాడు గానీ, ఆ భయానికి నర్సమ్మకు పాలు ఇంకిపోయాయి. ఆనాటి నుంచి తెడ్డును మగడికి అందనియ్యక తన మంచం కిందే దాచింది. గోదారిలో పెరిగిన సమ్మయ్య మణుగూరు కాలనీ కట్టే చోట తట్టమోసి, సాయంత్రానికి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటున్నాడు.

 రామన్న అల్లుడి పడవను ఒడ్డుకు లాగి అంచులు ఎత్తు పెంచాడు. పీటను కిందికి దించాడు. ముందు కొనలో నల్లమద్ది గుంజ ఒకటి అడుగు చెక్కదాకా దిగేసి బిగించాడు.

"తాడు దీనికి గట్టాలె. ఎద్దునైనా ముక్కుతాడు పట్టే గద తిప్పుతం?" అన్నాడు.

సందులకు పూసిన గుగ్గిలం ఆరాక రామన్నా సమ్మయ్యా పడవను నీళ్లలోకి నెట్టారు. చెక్క మార్చినవాడే ముందు ఎక్కాలన్నది ఆ గట్టు పద్ధతి. రామన్న జీవితమంతా దాన్ని తనదైన తీరులో పాటించాడు. మోకాటి లోతులో ఎక్కి కూర్చోవడం, దిగిపోవడం. చిన్నప్పుడు తండ్రిని వరద ఈడ్చుకుపోవడం కళ్లారా చూశాడు. అప్పటినుంచి అందరికీ పడవలు చేశాడు, తను మాత్రం గట్టు వదల్లేదు. 'నీళ్లంటే జడిసే పడవలోడు' అని నవ్వేవాళ్లు. తనూ నవ్వేవాడు.

ఇవాళా అలాగే ఎక్కి కూర్చున్నాడు. నర్సమ్మ తెడ్డు గుండెకు అదుముకుని ఒడ్డునే నిలబడింది.

"మోకాటి లోతుల ఏ పడవ మునిగిందే అయ్యా? తెడ్డు నేనియ్య."

రామన్న కాసేపు నీళ్లకేసి చూశాడు.

"నా చేతికియ్యి. మడుగుదాకా నేనూ పోత."

"మామా, పరాచికమా?" అన్నాడు సమ్మయ్య.

"ఎక్కు జల్దీ. మల్ల నా మనసు మారుతది."

మడుగులో రామన్న రెండు చేతులా అంచులు పట్టుకుని, తను కూరిన సందులనే చూస్తూ కూర్చున్నాడు. సమ్మయ్య తాడును గుంజకు కట్టి ఎర వేశాడు. చాలాసేపటికి తాడు ఒక్కసారిగా బిగుసుకుంది. గుంజ మూలిగింది. రామన్న కళ్లు మూసుకున్నాడు.

పిలిస్తే తల తిప్పినట్టు పడవ ముక్కు తిప్పింది. చేప వెంట సూటిగా పరుగందుకుంది. నీళ్లు లేచి కొత్త పలకదాకా వచ్చాయి, అక్కడే ఆగాయి.

"మామా, ఒరుగుతలేదు! జూడు, ఒరుగుతలేదే!"

రామన్న కళ్లు తెరిచాడు. గట్టు వెనక్కి పోతోంది. తను పుట్టిన గుడిసెల వరస నీళ్ల మీంచి ఇంత చిన్నగా ఉంటుందని అతనికి తెలియదు. చంకలో బిడ్డతో నర్సమ్మ ఒడ్డు వెంట పరుగెడుతోంది.

"గుంజనియ్ రా! ఎంత గుంజుతదో గుంజనియ్!" అని అరిచాడు రామన్న. ఆ గొంతు అతనిదేనంటే సమ్మయ్య నమ్మలేకపోయాడు.

అలిసిన వాలుగను ఇద్దరూ పడవలోకి లాగేసరికి పొద్దు వాలింది. దాని నోట్లో చంటిబిడ్డ తల పట్టేలా ఉంది.

పడవ రేవుకు రాగానే నర్సమ్మ నడుంలోతు నీళ్లలోకి వచ్చి ముందు పలక తడిమింది, ఆ తర్వాతే మగడి మొహం చూసింది.

"తెడ్డు నీకాడనే ఉంచుకో" అంది. అంటూనే ఏడ్చింది.

గూడెం మగవాళ్లు చేపను కావడికి కట్టి కేకలు వేస్తూ మోసుకుపోయారు. రామన్న దిగలేదు.

"సమ్మయ్యా, నన్ను అవతలి గట్టున దింపు."

"ఏముందే ఆడ?"

"మా అక్క ఉన్నది గద."

లచ్చక్కను నది అవతలికి ఇచ్చినప్పుడు రామన్నకు మీసం రాలేదు. ఏటా ఆమే వచ్చేది. ఆమె వచ్చిపోయే రేవుపడవా అతను చేసిందే. 'నా గడప తొక్కకుండనే సస్తవురా' అని ప్రతిసారీ తిట్టిపోయేది.

"మల్ల ఎప్పుడొస్తవే అయ్యా?" అంది నర్సమ్మ.

"అక్క పంపినప్పుడు."

పడవ కదిలింది. ముందు కొనన కూర్చున్న రామన్న ఈసారి దేన్నీ పట్టుకోలేదు. అది అవతలి గట్టు నీడలో కలిసేదాకా చూసి, నర్సమ్మ బిడ్డను భుజాన వేసుకుని వెనుదిరిగింది. తడి ఇసుకలో, దిగీదిగగానే తొడుక్కోవడానికి వీలుగా ఊరివైపు తిప్పి రామన్న విడిచిన టైరు చెప్పుల జత ఉంది.