మూల చిరిగిన కార్డులు

నేను ఒక రబ్బరు ముద్రను. చెక్క పిడి, దాని కింద తిరగేసి చెక్కిన రెండు మాటలు: 'జవాబు లేదు'. ముప్పై ఏళ్లొచ్చినా ఇంకో మాట నేర్చుకోలేదు. చేసిన చేటుకు ఆ రెండే చాలు.

కోర్టు ఎదుట గొడుగు కింద కూర్చునే ముసలాయన నన్ను చెక్కితే, పేగుల సర్జన్ డాక్టర్ గంటి నరహరిగారు జేబులో వేసుకుపోయారు. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. చెయ్యి బంగారం, కాలు మాత్రం ఒకచోట నిలవదు. వరండాలో నడుస్తూనే ఇడ్లీ తినేవారు. ఆయనతో ఉండి ఉండి నాకూ కుదురు లేకుండా పోయింది.

ఆ రోజుల్లో పెద్దపేగు చివర క్యాన్సర్ వస్తే ఆ భాగం తీసేసి, పొట్ట మీద దారి చేసి, బతికినన్నాళ్లూ సంచి తగిలించేవారు. నరహరిగారు సంచి లేకుండా పేగును మళ్లీ కిందే అతికే పద్ధతి కనిపెట్టారు. అరవైమందికి చేశారు. ఐదేళ్లకు వాళ్లెలా ఉన్నారో తెలిస్తేగాని అది మంచిదో కాదో చెప్పలేరు. అందుకని ఇంటింటికీ జవాబు కార్డు పంపారు. 'బాగున్నాను', 'బాగాలేను'. ఒకదాని పక్కన గీత పెడితే చాలు. పోయినవాళ్ల కోసం మూడో గడి ఉండాలని ఎవరికీ తోచలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లు కదా!

ముప్పై ఎనిమిది కార్డులు గీతలతో వచ్చాయి. ఎనిమిది అసలు రాలేదు. పద్నాలుగు ఖాళీగా వచ్చాయి, ఒక మూల చిరిగి.

"ఈ పోస్టువాళ్లు ఒక్క కార్డూ సరిగ్గా తేరు" అని విసుక్కుంటూ, ఆ ఇరవై రెండు ఫైళ్ల మీద నన్ను టపటపా కొట్టి పక్కన పడేశారు. మిగిలినవాళ్లలో దాదాపు అందరూ బాగున్నారు. ఆ సంగతి లోకానికి చాటే వ్యాసం టైపుకు వెళ్లింది.

ఆ వారమే చేపలమ్మే ఎర్నమ్మ అదే జబ్బుతో వార్డులో చేరింది. "సంచెట్టుకుని బజార్లో కూకుంటే నా కాడ చేపలు ఎవులు కొంతారు బాబూ? నువ్వు అతుకుతావట కదా" అంది. మర్నాడే అతుకుతానన్నారాయన.

ఆ మధ్యాహ్నం రికార్డు గది చూసే సన్యాసమ్మ ఫైళ్లు కట్టడానికొచ్చి, కార్డులు చూసి నిలబడిపోయింది.

"ఇంతమంది పోనారేటి బాబూ?"

"పోవడమేంటి? జవాబు ఇవ్వలేదంతే."

"ఇచ్చినారు కదా. మా వైపు సావు కబురు కార్డుకి మూల సింపుతారు. సదువు రానోళ్లకైనా తెలస్తాది."

నరహరిగారు కూర్చున్నారు. ఆయన కూర్చోగా చూడడం నాకదే మొదటిసారి. పద్నాలుగు ఇళ్లు జవాబిస్తే, లేదని పద్నాలుగుసార్లు అరిచింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పద్నాలుగు ఫైళ్లూ విప్పారు. పదకొండుమందికి క్యాన్సర్ పుండు బాగా కిందుగా ఉంది. ఎర్నమ్మకూ అక్కడే. ఆయన టైపు గదికి పరిగెత్తి వ్యాసం వెనక్కి తెచ్చుకుని, తిన్నగా వార్డుకెళ్లారు.

"అతికితే జబ్బు మళ్లీ వస్తుంది ఎర్నమ్మా. నేను ఇప్పుడే తెలుసుకున్నాను. సంచే పెడతాను" అన్నారు. ఆవిడ రెండు రోజులు ఆయన మొహం చూడలేదు. మూడో రోజు, "ఎట్టు, నీ సంచి" అంది.

తర్వాత ఆయన రాసిన వ్యాసానికి చప్పట్లు రాలేదు. పుండు ఎంత కిందుంటే అతక్కూడదో చెప్పే వ్యాసానికి ఎవరు కొడతారు? జవాబు రాని ఎనిమిదిమందినీ వెతుక్కుంటూ ఆదివారాలు బస్సుల్లో తిరిగారు. కార్డు మీద మూడో గడి పెట్టించారు. నన్ను సొరుగులో పెట్టారు.

ఐదేళ్లు గడిచి ఎర్నమ్మ కార్డు రావలసిన నెల వచ్చింది. రోజూ టపా రాగానే సొరుగు తెరిచేవారు, నన్ను చూసి మూసేవారు. వద్దు బాబూ, ఈ ఒక్కసారి నన్ను ముట్టుకోకు అని లోపల కొట్టుకునేదాన్ని. ఇరవై ఆరో రోజున వచ్చింది. గీత లేదు, రాత లేదు, చేపల వాసన మాత్రం ఉంది. ఆయన వెనక్కి తిప్పి చూడడానికి కూడా ఆగకుండా అంచుల వెంట వేలు నడిపారు.

"నాలుగు మూలలూ ఉన్నాయి సన్యాసమ్మా" అన్నారు. మళ్లీ మొదటి మూల నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.