మొదటి గంటె గటక

"ఉండలు కట్టనియ్యకు. హ్యూస్టన్‌ల గ్రిట్స్ తింటే నోట్ల ఒక్క ఉండ తగలది," అని ఉదయకిరణ్ పొద్దున్నుంచి మూడోసారి చెప్పి హాల్లోకి వెళ్లాడు. చరిత గంటె తిప్పుతూనే ఉంది. మరిగే నీళ్లలో ఒక చేత్తో మక్కజొన్న రవ్వ పోస్తూ ఇంకో చేత్తో తిప్పడం ఆమెకు ఏడేళ్లప్పుడే వచ్చు. జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో దీన్ని గటక అంటారు. అమ్మ దేవవ్వ పొద్దున్నే ఇంత గటక, నంజుకోవడానికి ఇంత పచ్చిపులుసు చేసి పెట్టి పొలానికి పోయేది. పెళ్లయిన కొత్తలో కరీంనగర్‌లోని అత్తగారింట్లో చరిత ఒకరోజు అదే వండితే, అత్త పళ్లెం పక్కకు జరిపి, "మా ఇంట్ల ఇది బర్లకు పెడ్తరు బిడ్డా," అంది. ఉదయకిరణ్ నవ్వాడు. ఆ తర్వాత చరిత గటక వండలేదు.

సౌదీలోని ఖఫ్జీకి వచ్చాక కంపెనీ అతన్ని ఆరు నెలల ట్రైనింగుకి హ్యూస్టన్ పంపింది. తిరిగొచ్చేటప్పుడు గ్రిట్స్ అనే మక్క రవ్వ పాకెట్టు ఒకటి, బోలెడన్ని అభిప్రాయాలు తెచ్చుకున్నాడు. అమెరికాలో తినడం తెలిసింది లూసియానా వాళ్లకేనట. చిల్లీ అనే మాంసం కూరలో బీన్స్ వేస్తే టెక్సాస్ వాళ్లు మనిషిని వెలివేస్తారట. మక్క రొట్టెలో చక్కెర వేసేవాడు దక్షిణాది వాడే కాదట. ఈ అభిప్రాయాలన్నీ శుక్రవారం శుక్రవారం ఇంటికొచ్చే అతిథుల ముందు అతను చెప్పేవాడు. వండేది చరిత. గంబో అనే లూసియానా పులుసు కోసం పిండిని నూనెలో ముప్పావుగంట తిప్పి తిప్పి భుజం పడిపోయిన రోజు, అందులో బెండకాయ ముక్కలు వేస్తూ, ఇది మన బెండకాయ పులుసుకు దూరపు చుట్టమే కదా అనుకుంది. అడిగినవాళ్లు లేరు.

ఇవాళ పెత్రమాస. చనిపోయిన పెద్దలకు వాళ్లకిష్టమైనది వండి, ముందు వాళ్లకు పెట్టి, తర్వాతే ఇంట్లోవాళ్లు తినాలి. అమ్మ పోయి పది నెలలు. అప్పుడు ఊరికి పోయి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా పెట్టమని ఏడ్చి అడిగితే, "పోయినంక పోయి ఏం జేస్తవ్? ఆడిట్ అయినంక చూద్దాం," అన్నాడు. అతని ఫోన్‌లో నాలుగు నొక్కుల పని. ఆ నాలుగు నొక్కుల అవతల అమ్మను తీసుకుపోయారు. మొదటి పెత్రమాసకైనా పంపమని నెల కిందట మళ్లీ అడిగింది. కంపెనీలో తన పై అధికారి రాధాకృష్ణ సార్ భోజనానికి వస్తున్నాడని, అది అయినంక చూద్దామని అన్నాడు. అందుకే ఆమె ఇంకేమీ కోరుకోలేదు. కుండలోంచి మొదటి గంటె అమ్మకు పడితే చాలనుకుంది.

అలాగే చేసింది. వెన్న, చీజ్ కలపకముందే ఒక గంటె గటక స్టీలు పళ్లెంలో తీసి, పక్కన ఉల్లిగడ్డ ముక్క పెట్టి, వెనక వరండా గోడ మీద ఉంచింది. ఇక్కడ కాకులు రావు. పిచ్చుకలైనా వస్తాయి. "తినే అవ్వా," అని అమ్మకు దండం పెట్టుకుంది.

రాధాకృష్ణ, ఆయన భార్య నమ్రత భోజనానికి కూర్చున్నారు. ఆయన పదకొండేళ్లు హ్యూస్టన్‌లో ఉండి వచ్చిన మనిషి.

"గ్రిట్స్ అంటే కెరొలినా వాళ్లే చెయ్యాలనుకునేవాణ్ణమ్మా. ఇంత నున్నగా అక్కడ కూడా తినలేదు. ఎవరు నేర్పారు?"

చరిత నోరు తెరిచింది.

"నేనే సార్. వీడియోలు పెట్టి నేర్పించిన," అన్నాడు ఉదయకిరణ్. "వీళ్ల ఊళ్లె ఇసొంటివి యాడ తెలుస్తయి?"

నమ్రత నవ్వుతూ, "మీ అదృష్టం ఉదయ్ గారూ. మా ఆయన నాకు తినడం తప్ప ఏదీ నేర్పలేదు," అంది. ముగ్గురూ నవ్వారు.

"ఇంకొంచెం ఉందా?" అన్నాడు రాధాకృష్ణ.

కుండ ఖాళీ. చరిత ఆ మాట చెప్పేలోపే ఉదయకిరణ్ వంటగదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు అతని చేతిలో స్టీలు పళ్లెం ఉంది. ఉల్లిగడ్డ లేదు. పైన నాలుగు రొయ్యలు పెట్టాడు. "వెనక ఆరబెట్టినట్టుంది సార్," అని ఆయన ముందు పెట్టాడు.

ఆయన రెండు చెంచాలు తిన్నాక చరితకు గొంతు వచ్చింది.

"సార్, అది మీకు తీసింది కాదు. మా అమ్మకు పెట్టిన. పోయింది అమ్మ. ఇయ్యాల పెత్రమాస."

చెంచా ఆగింది. నమ్రత భర్త వైపు చూసింది. ఉదయకిరణ్ నవ్వాడు, పెళ్లయిన కొత్తలో నవ్వినట్టే. "ఊరి పద్ధతులు సార్. తినుండ్రి, సల్లారుతది."

రాధాకృష్ణ పళ్లెం దగ్గరికి జరుపుకున్నాడు. "ఎటూ ఎంగిలైపోయిందిగా అమ్మా," అని మెల్లగా అని, మిగిలింది తిన్నాడు. కాసేపటికి మక్క రొట్టెలో చక్కెర వెయ్యాలా వద్దా అన్న మాట మళ్లీ మొదలైంది.

చరిత ఖాళీ పళ్లెం తీసుకుని వంటగదిలోకి వచ్చింది. వెనకే వచ్చి, "ఇజ్జత్ తీసినవ్. ఇగ ఊరు గీరు అని నా ముందల అనకు. ఓవెన్లకెల్లి పెకాన్ పై స్వీటు తీస్కరా," అని అతను వెళ్లిపోయాడు. ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. ఆడిట్ అయినంక, భోజనం అయినంక, ఇంకేదో అయినంక. ఆ నాలుగు నొక్కులు ఎన్నటికీ పడవని ఆమెకు ఎప్పుడో తెలుసు. తెలిసి కూడా ఇన్నాళ్లూ వండింది.

పళ్లెం కడిగింది. ఫ్రీజర్‌లో అడుగున పెట్టిన ప్లాస్టిక్ సంచి తీసింది. అమ్మ పోకముందు విసుర్రాయి మీద విసిరి, సౌదీలోనే హఫర్ అల్ బాతిన్‌లో పనిచేసే ఊరి మనిషి లింబాద్రి చేతికిచ్చి పంపిన మక్క రవ్వ. ఆ ముడి అమ్మ చేత్తో వేసింది. విప్పితే అమ్మ చెయ్యి పోతుందని పది నెలలు విప్పలేదు. ఇప్పుడు పళ్లతో పట్టి విప్పింది. అమ్మ గటకకు పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

ఓవెన్‌లో పెకాన్ పై స్వీటు అంచులు నల్లబడుతున్నాయి. పొగ వాసన హాల్లోకి వెళ్లినట్టుంది.

"చరితా, ఏదో మాడుతున్నది," అన్నాడు ఉదయకిరణ్ అక్కణ్నుంచే.

నీళ్లు ఇంకా మరగలేదు. ఆమె రవ్వ పిడికిట్లో పట్టుకుని, వాటినే చూస్తూ నిలబడింది.