ఫిర్యాదుల పేపరు

ఇంగ్లీషు సాహిత్యం చదివితే ఏమొస్తుందో సాయంత్రం నాలుగింటిలోగా ఇరవై మాటల్లో రాసిమ్మన్నారు మా డీన్ గారు. లేకపోతే కవిత్వం పేపరు తీసేసి ఈమెయిళ్ళు రాయడం పెడతారట. ఇరవై ఆరేళ్ళుగా నేను చెబుతున్న పేపరది. ఒళ్ళు మండిపోయింది.

'మనసు విశాలమవుతుంది' అని రాశాను. ముందు ఆయన మనసు కదా విశాలం కావాల్సింది, కొట్టేశాను. 'మనుషులు అర్థమవుతారు' అని రాశాను. ఆయనే నాకింతవరకూ అర్థం కాలేదు. అదీ కొట్టేశాను.

చివరికి ఒక పాత విద్యార్థికి ఫోన్ చేశాను. వెనక బెంచీలో కునికిపాట్లు పడుతూనే ఫస్టు క్లాసు తెచ్చుకున్న మహానుభావుడు. ఇప్పుడు వాషింగ్ మిషన్ల కంపెనీలో ఫిర్యాదులకు జవాబులు రాస్తున్నాడు.

"నా పాఠాలు నీకెందుకైనా పనికొచ్చాయా నాయనా? నిజం చెప్పు."

"మొన్నే పనికొచ్చాయి మేడమ్. ఒక పెద్దాయన మిషన్ తిరగట్లేదని పేజీన్నర తిట్లు రాశాడు. మెకానిక్ నొక్కితే తిరుగుతోంది, మెకానిక్ వెళ్ళిపోయాక మళ్ళీ తిరగట్లేదు. మూడుసార్లు ఇదే తంతు. నేను ఉత్తరం మళ్ళీ చదివా. తిట్ల మధ్యలో ఒక్క లైనుంది. 'మా ఆవిడ ఉన్నప్పుడు బాగానే తిరిగేది' అని. పోయెమ్‌లో గట్టిగా అరిచిన మాట వదిలేసి మెల్లగా అన్న మాట పట్టుకోమనేవారు కదా మీరు?"

"నిద్రలో కూడా విన్నావన్నమాట. తర్వాత?"

"ఫోన్ చేశా. ఆయనకి ఏ బటన్ నొక్కాలో తెలీదు మేడమ్. అడగడానికి మొహమాటం. పావుగంటలో బట్టలు ఉతికించా. ఆ తర్వాత గంటసేపు ఆవిడ గురించి చెప్పాడు."

నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని ఆ సంగతే ఇరవై మాటల్లోకి కుదించి ఇచ్చాను.

డీన్ గారు కుర్చీలోంచి లేచారు. "ఇంత పనికొచ్చే కోర్సు పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పరేంటండీ!"

పేపరు నిలిచింది. పేరు మాత్రం 'ఫిర్యాదుల పరిశీలన' అయింది. బతికుంటే బలుసాకు తినొచ్చని ఒప్పుకున్నాను. నిరుడు పదకొండుమంది ఉన్న క్లాసులో ఈసారి తొంభైమంది చేరారు, అందరూ ఉద్యోగం మీద ఆశతోనే.

మొదటిరోజు బోర్డు మీద పాత పేపరులోని కవితే రాశాను. ఖాళీ అయిన ఇంటి గురించి ఎప్పుడో ఎవరో రాసుకున్నది.

"ఇదీ ఫిర్యాదే. చదవండి."

వెనక బెంచీ అమ్మాయి చాలాసేపు చూసి చెయ్యెత్తింది. "మేడమ్, ఈయనకి ఎవరైనా జవాబు రాశారా?"

ఇరవై ఆరేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న అది.

"లేదమ్మా," అన్నాను. "పెన్ను తియ్యి. మనం రాద్దాం."