మూడో తరగతిలో మున్నీ చోటు

ధూల్‌పేటలో ఆ బడి చిన్నది. ఒక ట్రస్టు వాళ్ళు నడుపుతారు. ఫీజు తక్కువ కాబట్టి గణపతి విగ్రహాలు చేసేవాళ్ళ పిల్లలూ, బేగంబజార్ దుకాణదారుల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మూడో తరగతికి స్వీటీ టీచరు.

ఆషాఢం మొదట్లో ఒక మంగళవారం మధ్యాహ్నం, అన్నం బెల్లు మోగగానే మున్నీ చేతిలోని స్టీలు ప్లేటు విసిరేసింది. అది పక్కనున్న రశ్మి కనుబొమ్మకు తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. మున్నీకి ఎనిమిదేళ్ళు. కొరకడం, రక్కడం, ఉన్నట్టుండి గేటు వైపు పరుగెత్తడం ఆ పిల్లకు కొత్త కాదు. రక్తం రావడం మాత్రం కొత్త.

మర్నాడు హెడ్మాస్టరు జగదీశ్వర్ గదిలో రశ్మి తల్లి విమలాదేవి కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది.

"ఇంకొంచెం కిందికి తగిల్తే నా బిడ్డ కన్ను పోయేది సార్! గిట్లాంటి పిల్లను అందర్ల ఎట్ల కూసోవెడ్తరు?"

మున్నీ తండ్రి ఎల్లప్ప తలుపు దగ్గరే ఆగిపోయాడు. విగ్రహాలకు అచ్చులు పోస్తూ పోస్తూ వచ్చాడేమో, మోచేతుల దాకా ప్లాస్టర్ తెల్లగా ఎండిపోయి ఉంది.

"ఎల్లప్పా, నీ బిడ్డ మీద నాకేం పగ లేదు," అన్నాడు జగదీశ్వర్. "శహర్‌కు ఆ కొసకు గిట్లాంటి పిల్లల స్కూల్ ఉంది. హాస్టల్ గూడ ఉంది. ఆడ మంచిగ చూస్కుంటరు."

"మీరెట్లంటె గట్లనే సార్. నాకేం తెలుస్తది."

హాస్టల్ అన్న మాట వినగానే, గోడ పక్కన నిలబడ్డ స్వీటీ ముందుకొచ్చింది. "ఒక్క నెల ఇయ్యండి సార్," అంది. "నెల దాంక పిల్లను ఈడ్నే ఉండనియ్యండి. నాది జిమ్మ."

"ఏమన్నయితే?"

"నన్నే అడగండి."

ఆమె ఎందుకలా అన్నదో ఆ గదిలో ఎవరికీ తెలియదు. మొఘల్‌పురాలో రెండు గదుల ఇంట్లో స్వీటీ, ఆమె అన్న బాలరాజ్ ఉంటారు. చిన్నప్పుడు బాలరాజ్ బడి గోడకు తల బాదుకునేవాడు. పిల్లవాణ్ణి తీసుకుపొమ్మన్నారు బడివాళ్ళు. బస్ డిపోలో పనిచేసే తండ్రి రైలెక్కించి, రాత్రంతా ప్రయాణం చేసి, ఎక్కడో హాస్టల్లో వదిలి వచ్చాడు. అప్పుడతనికి ఎనిమిదేళ్ళు, స్వీటీకి ఐదు. పందొమ్మిదో ఏట తిరిగొచ్చాడు. బట్టలు మడతపెట్టడం, కుర్చీలు అల్లడం అక్కడ నేర్పారు. బాగానే నేర్పారు. కానీ గల్లీలో అతని ఈడు పిల్లలెవరికీ అతను తెలియదు. వాళ్ళతో గోలీలాడలేదు, కొట్లాడలేదు. కొట్లాడాలన్నా ముందు తెలిసి ఉండాలి కదా. ఇప్పుడు నలభై మూడేళ్ళు వచ్చాయి. గల్లీలో వాళ్ళకు అతను "టీచరమ్మ వాళ్ళన్న", అంతే. పొద్దంతా కిటికీ దగ్గర కూర్చుంటాడు. చెల్లెలు వచ్చాక కిటికీ మూస్తాడు.

స్వీటీ ఒక పొడుగు నోటుబుక్కు కొన్నది. మున్నీ ఏ తప్పు చేసిందో కాకుండా, దానికి ముందు ఏం జరిగిందో రాయడం మొదలుపెట్టింది. ఎవరు పక్కన కూర్చున్నారు, ఏ చప్పుడైంది, ఏం చెయ్యమన్నాం. వారం తిరిగేసరికి సంగతి కళ్ళకు కట్టినట్టు కనబడింది. లొల్లంతా దాదాపు బెల్లు దగ్గరే. కరెంటు బెల్లు సరిగ్గా మూడో తరగతి గోడకే ఉంది. అది మోగీ మోగగానే నలభై మంది ఒక్కసారి లేచి ప్లేట్లు మోగిస్తారు. ఆ పిల్ల చెవుల్లో అదెంత మోతో ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. స్వీటీ కూడా అడగలేదు.

బెల్లు వేరే గోడకు మార్చమని అడిగితే, "ఒక్క పిల్ల కోసం బెల్లు మారుస్తమా మేడమ్?" అని నవ్వాడు హెడ్మాస్టరు. దాంతో బెల్లుకు ఐదు నిమిషాల ముందే మున్నీని వెనక వరండాలోకి తీసుకుపోయి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. గదిలో బీరువా వెనక ఒక చాప పరిచింది. ఒక ఎర్ర అట్టముక్క మున్నీ చేతికిచ్చి, "ఇగ నాతోని కాదు అనిపిస్తే ఇది లేపు. చాప మీదికి పో. ఎవ్వరేమనరు," అని చెప్పింది. ఒకసారి కాదు, రోజూ చెప్పింది.

పన్నెండో రోజు లెక్కల పీరియడ్‌లో మున్నీ ఆ అట్ట లేపింది. పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే లేచి చాప మీదికి పోయింది, కాసేపటికి తనంతట తానే వచ్చి తన చోట్లో కూర్చుంది. స్వీటీ బోర్డు వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఈ మాట ఎవరికైనా చెప్పాలని స్టాఫ్‌రూముకు పరుగులాంటి నడకతో పోయింది. గుమ్మంలో ఉండగానే లోపలి మాట చెవిన పడింది. "మనమందరం రాక్షసులం, ఆమె ఒక్కతే దేవత." ఆమె లోపలికి రాగానే టిఫిన్ డబ్బాల మూతలు చప్పుడు చేశాయి, మాటలు ఆగాయి. ఆ రోజు నుంచి స్వీటీ తన డబ్బా కూడా వరండాలోనే విప్పేది. మున్నీ ఆ చివర, తను ఈ చివర.

నెల సగం దాటాక ఒక రోజు బోనాల ఊరేగింపు గల్లీలోకి వచ్చింది. డప్పులు గోడ అవతలే మోగాయి. మున్నీ గేటుకేసి పరుగెత్తింది. గేటు తెరిచి ఉంది, బయట లారీ వెనక్కి వస్తోంది. స్వీటీ వెనక నుంచి రెండు చేతులతో గట్టిగా పట్టేసుకుంది. మున్నీ ఆమె ముంజేతిని కొరికింది. పళ్ళు దిగాయి. డప్పులు దూరమయ్యేదాకా అలాగే పట్టుకుని నేల మీద కూలబడి ఉంది.

కిటికీల్లోంచి అందరూ చూశారు. ఒక్కరూ బయటికి రాలేదు. నల్లా కింద చెయ్యి పెట్టుకుంటే రక్తం సన్నగా పారింది. సాయంత్రం నోటుబుక్కులో రాసుకుంది: "వెనక నుంచి పట్టుకున్నాను. భయపడ్డది. ఊరేగింపు వస్తుందని పొద్దున్నే చెప్పాల్సింది."

బడి అయ్యాక ఎల్లప్ప షెడ్డుకు పోయింది. రంగు వెయ్యని విగ్రహాల మధ్య అతను ఒక్కడే ఉన్నాడు. కట్టు చూసి అతని ముఖం పాలిపోయింది.

"మా పోరే గద మేడమ్?"

"నా తప్పే. ఎనక నుంచి పట్టుకున్న."

ఎల్లప్ప తల వంచి చేతుల మీది తెల్లటి పొడి దులుపుకున్నాడు. "ఇంటికి గూడ ఎవ్వరు రారు మేడమ్. పెండ్లిళ్ళకు పిలుస్తరు గని, పిల్లను దేవద్దంటరు. నా భార్య పోవుడే బంజేసింది. హాస్టల్ల ఏస్తే జర నిద్రన్న పోతమేమో అనిపిస్తది. గట్లనుకున్న దినం అన్నం తినబుద్ధి గాదు." తల ఎత్తాడు. "మీకెందుకు మేడమ్ గింత ఫికర్?"

స్వీటీ తన అన్న సంగతి చెప్పింది. బయటివాళ్ళకు చెప్పడం అదే మొదలు.

"ఇప్పుడెట్లున్నడు?" అన్నాడు ఎల్లప్ప.

"ఉన్నడు," అంది.

నెల నిండింది. జగదీశ్వర్ నోటుబుక్కు పేజీలన్నీ తిప్పి చూశాడు. మొదటి వారం నిండా రాతే. చివరి వారంలో రెండే పంక్తులు. "మంచిదే. ఉండనియ్యండి. గని రేపేమన్నయితే మీ పేరే రాస్త," అన్నాడు.

విమలాదేవి మాత్రం రశ్మిని మాన్పించింది. "మీరు మంచోళ్ళే మేడమ్. నా బిడ్డ మాత్రం భయం భయంగ బతకద్దు," అంది. స్వీటీ రశ్మి పుస్తకాలు సంచిలో సర్ది ఇచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని పోతూ రశ్మి తరగతి వైపు చెయ్యి ఊపింది. కొందరు ఊపారు. మున్నీ గోడ మీది చెమ్మ మరక చుట్టూ వేలితో గీస్తూ ఉంది.

డిసెంబరుకు మున్నీ పరీక్షలో రెండు పేజీలు నింపింది. సగం నేల మీద బోర్లా పడుకుని రాసింది, అయినా రాసింది. అటెండెన్స్ రిజిస్టరు ఆఫీసుకు మోసుకుపోయే పని తనదే. ఎవరైనా అడ్డం వస్తే ఇప్పటికీ రక్కుతుంది.

సంక్రాంతి సెలవుల తరవాత హెడ్మాస్టరు ఒక కొత్త పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు నిఖిలేష్. రెండు బళ్ళవాళ్ళు వద్దన్నారు. "మీ తాన అయితే ఆగుతడు మేడమ్," అన్నాడు, మెచ్చుకుంటున్నట్టుగా.

"ఆగుతడు సార్. గని నాకు ఇంకో మనిషి కావాలె. ఒక్కదాన్ని ఇద్దర్ని చూస్కోలేను. నాలుగో తరగతి మేడమ్‌కైనా జర చెప్పండి."

"అప్లికేషన్ రాసియ్యండి. చూద్దాం."

ఆమె రాసిచ్చింది. దాని నకలు నోటుబుక్కులో పెట్టుకుంది. వారం తరవాత అడిగితే ట్రస్టుకు పంపామన్నారు. ఇంకో వారానికి అడిగితే అదే మాట.

ఆ లోపల ఒక మధ్యాహ్నం నిఖిలేష్ పోయి మున్నీ చాప మీద పడుకున్నాడు. మున్నీ ఎర్ర అట్ట లేపింది, చాప వైపు చూసింది, మళ్ళీ లేపింది. తరవాత కేక పెట్టింది. నిఖిలేష్ అంతకంటే పెద్ద కేక పెట్టాడు. పక్క గదిలో పాఠం ఆగింది. ఎవరో తలుపు వేసుకున్న చప్పుడు. స్వీటీ మిగతా పిల్లలకు పలకలిచ్చి వరండాలోకి పంపింది, చెప్పులు విడిచి వచ్చి ఆ ఇద్దరి మధ్య నేల మీద కూర్చుంది. ఎవరినీ ముట్టుకోలేదు. కేకలు ఆగేదాకా అక్కడే కూర్చుంది.