గున్నమ్మ నీళ్ళ మాత్ర

రాజాబాబు ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర పనిచేసే రోజుల్లో, జేబులో పోసుకెళ్ళిన పచ్చి వేరుశెనగలు షిఫ్టు దిగేసరికి కరకరలాడుతూ వేగిపోయేవట. భిలాయి సెక్టర్ ఆరులో ఈ మాట నమ్మినవాళ్ళు లేరు, మళ్ళీ చెప్పమని అడగనివాళ్ళూ లేరు. అతని కబుర్లకి ఎదురు తగిలేది ఒక్క మనవరాలు చాందినే. బాక్సింగ్ ఆడే పిల్ల, మాటకి మాట గుద్దినట్టే ఇస్తుంది.

ఆ సాయంత్రం మాత్రం దాని నోరు పిడచగట్టుకుపోయింది. తెల్లారితే సుపేలాలో పోటీలు. యాభై ఒక్క కిలోల తరగతిలో పేరిచ్చింది. తూకం చూస్తే ముప్పావు కిలో ఎక్కువ. పొద్దున్నుంచీ చుక్క నీళ్ళు తాగలేదు. ఎండలో స్వెటర్ మీద స్వెటర్ తొడుక్కుని తాడాట ఆడి, వరండాలో గోడకి జారబడింది.

అది చూసి అమ్మమ్మ గున్నమ్మకి ప్రాణం ఆగలేదు. లోపలికెళ్ళి తన మాత్ర తెచ్చింది.

"ఇదేసుకోవే తల్లీ. నా కాళ్ళు గుమ్మడికాయల్లా వాచిపోతే, నీరంతా లాగేసింది. నీ ముప్పావు కేజీ దీనికో లెక్కేటి?"

చాందిని కళ్ళు మెరిశాయి. "అరే, ఇది మనింట్లోనే ఉందా! తాతా, మా క్లబ్‌లో సబ్ లేతే హైం. తూకానికి ముందు అందరూ ఇదే మింగుతారు."

"బలమొస్తాదేటే దీంతోటి?" అడిగాడు పక్కనే కూర్చున్న రాజాబాబు.

"బలం కాదు, ఒంట్లో నీళ్ళు పోతాయంతే. ఇదేమైనా ఇంజెక్షనా? అమ్మమ్మ రోజూ వేసుకునేదేగా!"

"అయితే మంచిదే. మీ కోచ్‌కి ఓ ఫోను కొట్టి, అమ్మమ్మ మాత్ర ఏసుకుంటన్నానని సెప్పీ."

చాందిని ఫోన్ వైపు చూసింది. మాత్ర వైపు చూసింది. ఫోన్ తీయలేదు.

"ఆటల్లో ఇది నిషేధం. పట్టుకుంటే ఏళ్ళ తరబడి ఆడనివ్వరు" అంది, గొంతు తగ్గించి. "కానీ పరీక్ష చేసేది ఏ ఒక్కరిద్దరికో తాతా."

రాజాబాబు మనవరాలి చేతిలో మాత్ర వంక చూశాడు. గ్లవ్సు తలకాయంత ఉన్నప్పటినుంచీ ఆడుతున్న పిల్ల. ఒక్క బిళ్ళతో అదంతా పోతే? వద్దని గదిమితే తప్పకుండా వేసుకుంటుంది. తన రక్తమే మరి.

"ఏదీ, ఇలా ఇయ్యి. కళ్ళజోడు లేదు, దగ్గిరగా సూస్తాను."

దగ్గరగా అంటే నోటికి దగ్గరగా అని ఆ పిల్లకి తట్టలేదు. ముసలాయన గుటుక్కున మింగి, పైన గ్లాసుడు నీళ్ళు తాగాడు.

"ఓలమ్మో! ఏటండీ ఈ పని? అదే ఆఖరిది!" గున్నమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"కూసున్న కాడ బరువు తగ్గుతాదంటే నాకూ ఆశ పుట్టిందే."

చాందిని కయ్యిమంది. కాళ్ళు నేలకేసి కొట్టింది. ఈలోగా మాత్ర పని మొదలెట్టింది. పంచె ఎగగట్టుకుని తాత బాత్రూమ్‌కి పరిగెత్తడం, వచ్చి కూర్చోబోయి మళ్ళీ పరిగెత్తడం చూసి, కోపం నిలవక ఫక్కుమని నవ్వేసింది. తనే కోచ్‌కి ఫోన్ చేసింది.

"సర్, బరువు దిగేలా లేదు. పై తరగతిలో రాసుకోండి."

ఫోన్ పెట్టి, "అమ్మమ్మా, అన్నం పెట్టు" అంది.

పప్పుచారు, చేపల వేపుడు. ఆ పిల్ల తింటుంటే గున్నమ్మ మొహం వెలిగిపోయింది. బాత్రూమ్ లోంచి కేక వినిపించింది: "ప్లాంటుకి నీళ్ళు సాలకపోతే నాకు కబురెట్టమనండి! మరోదా చెరువు దాకా పారించీగలను!"

మర్నాడు చాందిని తనకన్నా జానెడు పొడుగున్న పిల్లల్తో తలపడింది. ఫైనల్‌లో కొద్దిలో ఓడి, వాచిన ముక్కుతో, వెండి పతకంతో దిగింది. దిగీ దిగగానే ఒక మేడమ్ వచ్చి, మూత్రం పరీక్షకి రమ్మంది. గున్నమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. చాందిని మాత్రం పెళ్ళి భోజనానికి పిలిచినట్టు వెళ్ళింది.

వెళ్ళింది గాని, మూత్రం వస్తేగా! సీసాల కొద్దీ నీళ్ళు తాగినా చుక్క రాలదు. మేడమ్ విసుగ్గా తలుపు తీసి బయటికి చూసింది.

బెంచీ మీంచి రాజాబాబు లేచి దణ్ణం పెట్టాడు. "నిన్న రావలసింది మేడమ్. డ్రమ్ములు తెచ్చుకున్నా సరిపోయేవి కావు."

లోపల్నుంచి కేక వచ్చింది. "తాతా, నవ్వించకు! మేడమ్, ఆ డబ్బా ఇలా ఇవ్వండి, జల్దీ!"